చీటీల పెట్టె నుండి ప్లగిన్ వరకు: దలా ఒడ్డున ఒక పరిశీలన

ఐరావతీ నదిపై పొగ ఓడలు నడిచిన కాలంలో ఒక చక్కని పద్ధతి ఉండేది. పెద్ద ఓడకు ఇరుప్రక్కలా ‘ఫ్లాట్లు’ అనే యంత్రం లేని చదునైన నావలను మోకులతో బిగించి నడిపేవారు. సరకు ఎక్కువైనప్పుడు ఫ్లాటు తగిలించేవారు, సరకు దిగిన రేవులో విప్పి వదిలేవారు. ఇందుకోసం ఓడ గర్భాన్ని కోసి తిరిగి కట్టవలసిన పని లేదు. మోకు చుట్టడానికి ఓడ అంచున గట్టి గుంజలుంటే చాలును. ఆ గుంజలు ఎక్కడ ఉండాలో, ఎంత బరువును లాగగలవో ఓడ కట్టిన వారు ముందుగానే నిర్ణయించి ఉంచేవారు. ఫ్లాటు కట్టేవారికి తెలియవలసినది అంతే. యంత్రశాలలో ఏమి జరుగుతున్నదో వారికి అక్కరలేదు.

కంప్యూటరు పరిభాషలో నేడు ‘ప్లగిన్’ అని పిలువబడుతున్నది సరిగ్గా ఈ ఫ్లాటు వంటిదే. ఒక ప్రధాన సాఫ్ట్‌వేరు ఉంటుంది. దానిని నిర్మించినవారు ఊహించని పనులను మరొకరు ఎవరో, ఎక్కడో కూర్చుని, చిన్న అనుబంధంగా వ్రాసి దానికి తగిలిస్తారు. నోటు పుస్తకం వలె ఉపయోగపడే సాఫ్ట్‌వేర్లకు ఇటువంటి అనుబంధాలు ఎట్లా పుట్టాయి, ఎట్లా పెరిగాయి, తెలుగు లిపికీ బర్మా లిపికీ వాటితో ఏమి సంబంధం అన్నదే ఈ వ్యాస విషయం.

దలా ఒడ్డు నుండి ఈ విషయాన్ని చూడడానికి కారణం ఉన్నది. రంగూను నగరపు పాన్సొడాన్ రేవుకు ఎదురుగా, నదికి ఆవలి ఒడ్డున ఉన్న పట్టణం దలా. 1865లో మొదలైన ఐరావతీ ఫ్లోటిల్లా సంస్థ వారి ఓడల కర్మాగారం ఇక్కడే ఉండేది. ఆ ఓడలనూ ఫ్లాట్లనూ ఇక్కడే మరమ్మతు చేసేవారు. 1930ల నాటికి ఆ సంస్థకు ఆరు వందలకు పైగా నావలుండేవి. 1942లో జపాను సేనలు సమీపించినప్పుడు వాటిలో అధిక భాగాన్ని శత్రువు చేతికి చిక్కకుండా సంస్థవారే ముంచివేశారు. 1948లో మిగిలినది జాతీయమైనది. ఈ రేవులలో, కర్మాగారాలలో, బియ్యపు మిల్లులలో చెమటోడ్చినవారిలో చాలామంది తెలుగువారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుండి ఓడలెక్కి వచ్చినవారు వీరు. గోదావరీ ముఖద్వారపు కోరంగి రేవు పేరే వారికి ‘కోరంగీలు’ అన్న పేరు తెచ్చింది. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో తెలుగువారు లక్షన్నరకు పైబడి ఉన్నారు. ఆనాటి రంగూను నగర జనాభాలో సగానికి మించి భారతీయులే.

వ్రాతకూ వీరికీ ఉన్న సంబంధం మాత్రం సుఖమైనది కాదు. కూలీలను మేస్త్రీ తీసుకొని వచ్చేవాడు. ఓడ ఖర్చుకు, ఇంటివారి తిండికి ముందుగా ఇచ్చిన సొమ్ము మేస్త్రీ పద్దులో ఉండేది. కూలి డబ్బు మేస్త్రీ చేతి మీదుగా వచ్చేది. పద్దు వ్రాసేవాడు ఒకడు, వేలిముద్ర వేసేవాడు వేరొకడు. ఎంత తీరింది, ఎంత మిగిలింది అన్నది చదవలేనివాడు అప్పు నుండి బయటపడడం కష్టమని వేరుగా చెప్పనవసరం లేదు. ‘నా పద్దు నా చేతిలో, నేను చదవగలిగిన లిపిలో ఉండాలి’ అన్న కోరికకు ఈ ఒడ్డున వంద సంవత్సరాలకు పైగా చరిత్ర ఉన్నది. నేటి నోటు సాఫ్ట్‌వేర్ల చర్చ అంతా చివరకు ఆ కోరిక చుట్టూనే తిరుగుతున్నది.

కట్టిన పుస్తకమా, విడి చీటీలా?

ఈ వ్యాసకర్త వృత్తిరీత్యా రసాయన శాస్త్ర పరిశోధకుడు. మా వృత్తిలో నోటు పుస్తకానికి కఠినమైన నియమాలున్నాయి. పుటలు కుట్టి ఉండాలి, వాటికి సంఖ్యలుండాలి, సిరాతో వ్రాయాలి, తప్పు వ్రాస్తే ఒక్క గీత కొట్టాలి తప్ప చెరిపివేయరాదు, కాగితం చింపరాదు. ఏ దినమున ఏమి చేశామో ఆ వరుసలోనే ఉండాలి. ఎందుచేతనంటే అది సాక్ష్యం. రేపు పేటెంటు వివాదం వస్తే న్యాయస్థానంలో నిలబడవలసిన పత్రం.

కాని ఆలోచన దినసరి వరుసలో రాదు. పది సంవత్సరాల క్రిందటి ఒక ప్రయోగ ఫలితం నిన్న చదివిన వ్యాసంలోని ఒక వాక్యం ప్రక్కన చేరితేనే కొత్త ఊహ పుడుతుంది. అందుకు కట్టిన పుస్తకం పనికిరాదు; విడి చీటీలు కావాలి. జర్మను సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ 1950ల నుండి 1998లో మరణించే వరకు ఇటువంటి చీటీల పెట్టెను పోషించాడు. ఒక్కొక్క చీటీపై ఒక్క భావం. ప్రతి చీటీకీ ఒక సంఖ్య. ఒక చీటీ మీద మరొక చీటీ సంఖ్య వ్రాసి లంకె వేయడం. దాదాపు తొంభై వేల చీటీలు పోగయ్యాయి. అవి ఇప్పుడు బీలెఫెల్ట్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. డెబ్బయి వరకు గ్రంథాలు వ్రాసిన ఆ పండితుడు ఆ పెట్టెను తనతో సంభాషించే సహచరునిగా భావించేవాడు.

లంకెల ఊహను యంత్రానికి అప్పగించవచ్చునని చెప్పినవాడు అమెరికా ఇంజనీరు వానెవార్ బుష్. 1945 జూలైలో ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో ఆయన ‘మెమెక్స్’ అనే ఊహాయంత్రాన్ని వర్ణించాడు. అది ఒక బల్ల. దానిలో సూక్ష్మఛాయాచిత్రాలుగా గ్రంథాలు, ఉత్తరాలు. ఒక పుటకూ మరొక పుటకూ మనిషి తన ఇష్టానుసారం వేసుకొనే బాట. ఆ బల్ల ఎన్నడూ తయారు కాలేదు. కాని తరువాతి అరవై సంవత్సరాలు ఎందరో దాని ముక్కలను తయారు చేస్తూనే ఉన్నారు.

అనుబంధమే అసలైన కథ

ప్లగిన్ల చరిత్రలో ఎంతో ముచ్చటైన ఘట్టం 1976 నాటిది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ కృత్రిమ మేధా ప్రయోగశాలలో ‘టెకో’ అనే ఒక లిఖిత సవరణ సాధనం ఉండేది. దాని ఆజ్ఞలు బీజాక్షర మంత్రాల వలె ఉండేవి. ఒక్కొక్కరు తమకు కావలసిన ఆజ్ఞల కూర్పులను ‘మాక్రోలు’ అనే పేరుతో వ్రాసుకొని వాడుకొనేవారు. రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ తదితరులు ఆ చిల్లర కూర్పులన్నిటినీ సంస్కరించి ఒక చోట చేర్చారు. దానికి పెట్టిన పేరు ‘ఈమాక్స్’. ‘సవరణ మాక్రోలు’ అన్న ఇంగ్లీషు మాటలకు అది కుదింపు. అనగా ఒక సాధనానికి అనుబంధాలుగా పుట్టినవే కూడి తామే సాధనమైనవి. ఫ్లాట్లన్నీ కలిసి ఓడ అయినట్లు! ఆ ఈమాక్స్‌కు 2003లో ఆమ్‌స్టర్‌డామ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్స్టెన్ డొమినిక్ తన పరిశోధన నోట్ల నిమిత్తం ఒక అనుబంధం వ్రాసుకున్నాడు. ‘ఆర్గ్ మోడ్’ అని పిలువబడే ఆ అనుబంధాన్ని నేటికీ ఎందరో శాస్త్రజ్ఞులు వాడుతున్నారు. తన పని కోసం ఒకడు చేసుకున్నది పదిమందికి పనికిరావడం ఈ రంగపు సహజ లక్షణం.

1987లో ఆపిల్ సంస్థకు చెందిన బిల్ అట్కిన్సన్ ‘హైపర్‌కార్డ్’ను రూపొందించాడు. తెర మీద చీటీలు, చీటీల మధ్య మీటలు. సామాన్యుడు కూడా తన చీటీల పెట్టెను తానే నిర్మించుకోవచ్చును. దానికి లేని శక్తులను బయటివారు వ్రాసి జోడించే వీలు కూడా ఉండేది. ఉపాధ్యాయులు, వైద్యులు, పరిశోధకులు వేలాది పెట్టెలు తయారు చేశారు. 2004లో సంస్థ దాని అమ్మకం నిలిపివేసింది. పెట్టె తాళం ఒక్క సంస్థ చేతిలోనే ఉండిపోయినందున ఆ చీటీలలో చాలా భాగం నేటి యంత్రాలలో తెరుచుకోవు. మేస్త్రీ పద్దు కథే ఇది, దొరగారి దుస్తులలో.

ఈ అనుభవం తరువాత వచ్చినవారిలో కొందరు మేల్కొన్నారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో పరిచయమైన షీడా లీ, ఎరికా షూ అనే ఇద్దరు 2020లో ‘ఆబ్సిడియన్’ అనే నోటు సాఫ్ట్‌వేరును విడుదల చేశారు. దీనిలో ప్రతి నోటూ వాడుకరి యంత్రంలోనే ఒక సాదా లిఖిత పత్రంగా ఉంటుంది. సంస్థ రేపు మూతపడినా ఆ పత్రం ఏ సాధనంలోనైనా తెరుచుకుంటుంది. అదే సంవత్సరం వారు బయటివారికి ద్వారాలు తెరిచారు. నేడు దీనికి ఇతరులు వ్రాసిన ప్లగిన్లు రెండు వేలకు పైగా ఉన్నాయి.

ఆ ద్వారం ఎట్లా పనిచేస్తుందో కొంచెం చూద్దాం. ప్లగిన్ అంటే ముఖ్యంగా రెండు చిన్న పత్రాలు. మొదటిది పరిచయ పత్రం: పేరు, కూర్పు సంఖ్య, ప్రధాన సాఫ్ట్‌వేరు కనీసం ఏ కూర్పుదై ఉండాలి అన్న వివరం. రెండవది పని చేసే ఆజ్ఞల పత్రం. ప్రధాన సాఫ్ట్‌వేరు కొన్ని సందర్భాలను ప్రకటిస్తుంది: ‘ఇదిగో నోటు తెరుచుకుంది’, ‘ఇదిగో నోటు మారింది’, ‘ఈ ముక్కను తెర మీద చూపబోతున్నాను’. ప్లగిన్ ఆ సందర్భాలలో తనకు కావలసిన దానికి ముందుగా పేరు నమోదు చేసుకుంటుంది. పిలుపు రాగానే తన పని చేసి తప్పుకుంటుంది. ఓడ అంచున ఉన్న గుంజలు ఇవే.

రసాయన శాస్త్రం నుండి ఒక ఉదాహరణ. అణువు నిర్మాణాన్ని ఒకే పంక్తిలో అక్షరాలుగా వ్రాసే ‘స్మైల్స్’ అనే పద్ధతిని డేవిడ్ వైనింగర్ 1980లలో రూపొందించాడు. ఆ పద్ధతిలో సారాయిలోని ఇథైల్ ఆల్కహాలు కేవలం మూడక్షరాలు: సీ, సీ, ఓ. హైడ్రోజనులను వ్రాయనక్కరలేదు, బంధాల లెక్కను బట్టి తెలిసిపోతాయి. నోటులో ఆ మూడక్షరాలు వ్రాస్తే, చూపే సమయంలో ప్లగిన్ వాటిని అందుకొని అణువు బొమ్మ గీస్తుంది. ప్లగిన్ తీసివేస్తే బొమ్మ పోతుంది, మూడక్షరాలు మిగులుతాయి. సమాచారానికి నష్టం లేదు. మంచి ప్లగిన్‌కు ఇది గీటురాయి అని నా అభిప్రాయం.

ఒక ప్లగిన్ మరొక ప్లగిన్ స్థానాన్ని కూడా నిర్ణయిస్తుంది. బెంజీను వలయానికి మిథైల్ సమూహం తగిలి ఉంటే తరువాత వచ్చే సమూహం ఆర్థో, పారా స్థానాలకు పోతుంది. నైట్రో సమూహం ఉంటే మెటా స్థానానికి పోతుంది. వలయం అదే, ముందు వచ్చినవాడు తరువాతివాడికి దారి చూపుతాడు. ఆబ్సిడియన్‌లో మైకేల్ బ్రెనన్ వ్రాసిన ‘డేటావ్యూ’ నోట్లను పట్టికలుగా చూపే ప్లగిన్. అది ఎంతగా వ్యాపించిందంటే నోట్లు వ్రాసే తీరే దానికి అనుగుణంగా మారింది. 2025లో ఆబ్సిడియన్ వారు అటువంటి శక్తినే ‘బేసెస్’ అన్న పేరుతో ప్రధాన సాఫ్ట్‌వేరులో చేర్చారు. అనుబంధం చేసి చూపిన పనిని అసలు సాధనం తనదిగా చేసుకోవడం ఈ పరిణామంలో తరచుగా కనిపించే మెట్టు.

తెలుగువారి ప్లగిన్

ఇక మన సంగతి. 1990లలో అమెరికా చేరిన తెలుగు విద్యార్థుల యంత్రాలలో తెలుగు లిపి లేదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగును నిర్దుష్టంగా వ్రాసే ఒక పద్ధతిని ఏర్పరచారు. చిన్న ‘టి’ అంటే త, పెద్ద ‘టి’ అంటే ట. చిన్న ‘ఎన్’ అంటే న, పెద్ద ‘ఎన్’ అంటే ణ. వినడానికి అతి సామాన్యంగా ఉన్నా, తెలుగు ధ్వనిని నష్టం లేకుండా సాదా అక్షరాలలో దాచిన ఉపాయం అది. పైన చెప్పిన స్మైల్స్‌కు సోదరి వంటిది.

తరువాత దినపత్రికలు అంతర్జాలంలోకి వచ్చాయి. కాని ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఖతి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల గూళ్లలో తెలుగు తలకట్లు, కొమ్ములు, వత్తులు ముక్కలు ముక్కలుగా కూర్చి పెట్టారు. ఆ ఖతి లేని యంత్రంలో వార్త అంతా అర్థం లేని గుర్తుల గుంపు. ఖతి ఉన్నా ఒక మాటను వెదకలేము, మరొక చోట అతికించలేము. 2000 దశకం మధ్యలో వెన్న నాగార్జున ‘పద్మ’ అనే అనుబంధాన్ని వ్రాసి ఫైర్‌ఫాక్స్ విహరిణికి జోడించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టినది కూడా వీరే. ‘ఈనాడు’ మొదలైన పత్రికల పుట తెరుచుకోగానే పద్మ ఆ ముక్కలను అందుకొని, ఏ ముక్క ఏ అక్షరానిదో పోల్చి, యూనికోడ్ తెలుగుగా మార్చి తెర మీద పెట్టేది. రోమను అక్షరాలతో టైపు చేస్తే తెలుగు చూపే వీవెన్ గారి ‘లేఖిని’కి కూడా పద్మయే ఆధారం. తెలుగువారిలో ఎందరో అంతర్జాలంలో తమ మొదటి తెలుగు నోటును వ్రాసుకున్నది లేఖినిలోనే.

పద్మ వంటి ఆనాటి అనుబంధాల పద్ధతికి ఫైర్‌ఫాక్స్ వారు 2017 నవంబరులో, 57వ కూర్పుతో, స్వస్తి పలికారు. గుంజలు మార్చారు, పాత మోకులు పట్టలేదు. అప్పటికి పత్రికలు చాలావరకు యూనికోడ్‌కు మారినందున పెద్ద లోటు కలుగలేదు. తన అవసరమే లేకుండా చేసుకొని నిష్క్రమించిన ప్లగిన్‌ను ఇంతకంటె గౌరవంగా సాగనంపలేము.

బర్మా లిపికీ ఇదే బాధ కలిగింది, అంతకంటె తీవ్రంగా. యూనికోడ్‌లో బర్మా లిపి 1999లో చేరింది. 2008లో దాని కూర్పు సవరించబడింది. ఈలోగా ‘జాజీ’ అనే ఖతి ప్రజల చేతికి వచ్చేసింది. 2014లో విదేశీ సంస్థల రాకతో సిమ్ కార్డు 1,500 చాట్లకు దొరకడం, చౌక ఫోన్లన్నిటిలో జాజీ ఉండడం వలన దేశమంతా అదే వ్యాపించింది. జాజీ కూడా యూనికోడ్ సంఖ్యలనే వాడుతుంది, కాని వేరు విధంగా. యూనికోడ్‌లో ఎత్వం హల్లు తరువాత నమోదవుతుంది; జాజీలో కంటికి కనిపించే విధంగా హల్లుకు ముందే. మోన్, షాన్, కరెన్ భాషల అక్షరాలకు కేటాయించిన గూళ్లలో జాజీ తన వత్తుల రూపాంతరాలను దాచుకున్నది. కనుక సంఖ్యలను చూసి ఇది జాజీయా, యూనికోడా అని కచ్చితంగా చెప్పలేము. ఏ సంఖ్య తరువాత ఏ సంఖ్య రావడానికి ఎంత సంభావ్యత ఉన్నదో లెక్కగట్టి ఊహించాలి. గూగుల్ వారి సాధనం మార్కోవ్ నమూనాతో చేసేది ఈ ఊహనే. 2019 అక్టోబరు 1న దేశం అధికారికంగా యూనికోడ్‌కు మారింది. అయినా అంతకు ముందు ఫోన్లలో వ్రాసుకున్న నోట్లు జాజీలోనే ఉన్నాయి.

రంగూనా? యాంగోనా?

ఇప్పుడు దలా తెలుగు కుటుంబాల స్థితి చూద్దాం. 1965లో ప్రైవేటు పాఠశాలల జాతీయీకరణతో తెలుగు బడులు లేకుండా పోయాయి. ఆ దశకంలోనే లక్షల సంఖ్యలో భారతీయులు దేశం విడిచారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు వంటి పేటలు అట్లా ఏర్పడినవే. మిగిలిన కుటుంబాలలో తెలుగు మాట నిలిచింది. లిపి మాత్రం గుడి ఆవరణలోనో ఇంటి పంచలోనో సెలవు దినాలలో నేర్చుకోవలసినదైంది. చదువు బర్మాలో సాగిన మనుమరాలు, అమ్మమ్మ చెప్పిన పాటనో సామెతనో కషాయపు పాళ్లనో ఫోనులో వ్రాసుకోవలసి వస్తే, చేతికి వచ్చిన బర్మా అక్షరాలలోనే వ్రాసుకుంటుంది. ఆ నోటును ఒక ప్లగిన్ తెలుగు లిపిలోకి మార్చగలదా?

మొదటి చూపుకు ఇది అతి సులభం. రెండు లిపులూ బ్రాహ్మీ సంతానమే. బర్మా అక్షరమాల కూడా క, ఖ, గ, ఘ, ఙ అనే మొదలవుతుంది. వర్గాల వరుస అదే. మన వత్తు వలెనే రెండవ హల్లు మొదటి దాని క్రింద కూర్చుంటుంది. యూనికోడ్‌లో తెలుగు ‘క’ సంఖ్య 3093, దేవనాగరి ‘క’ 2325, తేడా 768. ఏ అక్షరానికైనా ఇంచుమించు ఇదే తేడా, ఎందుచేతనంటే భారతీయ లిపులను ‘ఇస్కీ’ ప్రమాణం ఒకే అచ్చులో పోసింది. కన్నడం మనకు 128 సంఖ్యల దూరంలో ఉన్న పొరుగు. కూడికతో లిపి మారిపోతుంది. బర్మా ‘క’ సంఖ్య 4096. ఈ లిపి ఆ అచ్చులో పోసినది కాదు, కూడిక పనిచేయదు, పట్టిక కావాలి. అది పెద్ద కష్టం కాదు.

అసలు కష్టం ఉచ్చారణలో ఉన్నది. ఈ నగరపు పేరునే తీసుకోండి. బర్మా లిపిలో దాని మొదటి అక్షరం రకారమే. కాని నేటి ప్రామాణిక ఉచ్చారణలో ఆ రకారం సాధారణంగా యకారంగా పలుకుతుంది. పాళీ మాటలలో, పరభాషా పదాలలో మాత్రం ర వినిపిస్తుంది. అందుచేతనే పూర్వపు రంగూను, 1989లో యాంగోన్‌గా ప్రకటించబడినది ఒకే ఊరు, ఒకే వ్రాత. సకార స్థానంలోని అక్షరాన్ని నాలుక చివర పండ్ల మధ్య పెట్టి, ఇంగ్లీషు ‘థిన్’లోని మొదటి ధ్వని వలె పలుకుతారు. మన స ధ్వనికి వారు చకార స్థానంలోని అక్షరాన్ని వాడుతారు. కనుక మనుమరాలు చెవికి వినబడినట్లు ‘సీత’ అని వ్రాస్తే, అక్షరానికి అక్షరం మార్చే ప్లగిన్ దానిని ‘చీత’ అని చూపుతుంది!

ఇంకా చిక్కు ఉన్నది. ట, డ, ణ అక్షరాలు బర్మా లిపిలో ఉన్నా పాళీ మాటలకే పరిమితం. పలుకులో త, ద, న లతో భేదం లేదు. అందువలన ‘కోటి’, ‘కోతి’ రెండూ ఆమె నోటులో ఒకే విధంగా ఉండవచ్చును. హ్రస్వ దీర్ఘాలను ఆ లిపి స్వరభేదాలకు వినియోగించుకున్నది. మనకు అనుకూలమైనది ఒక్కటే: బర్మా పలుకులో మాట చివర హల్లులు నిలవవు, తెలుగు అజంత భాష. ‘రాముడు’, ‘పుస్తకము’ వంటి పదాలు ఆ నోటికి ఇబ్బంది లేకుండా పలుకుతాయి.

రసాయన శాస్త్రంలో దీనిని పోలినది విశ్లేషణ. రెండు పదార్థాలు ఒకే అవక్షేపాన్ని ఇస్తే, ఆ పరీక్ష ఒక్కదానితో అవి వేరు కావు, రెండవ పరీక్ష కావాలి. ఇక్కడి రెండవ పరీక్ష నిఘంటువు. ‘చెట్టు మీద’ అన్న మాటల తరువాత కోతి రావచ్చును గాని కోటి రావడం అరుదు. జాజీని కనుగొన్న సంభావ్యతా గణితమే ఇక్కడా పనికివస్తుంది. అయితే గణితం ఊహిస్తుంది, సాక్ష్యం చెప్పదు. కనుక ప్లగిన్ మూల నోటును ఎన్నడూ తుడిచివేయరాదు. బర్మా పంక్తి అట్లాగే ఉండాలి. దాని క్రింద తెలుగు పంక్తి రావాలి. సందేహమున్న అక్షరం వేరు రంగులో కనబడి, ‘ట యా, త యా?’ అని అడగాలి. జవాబు అమ్మమ్మను అడిగి చెప్పేది మనుమరాలే. ప్రయోగశాల పుస్తకంలో ఒక్క గీత కొట్టి ప్రక్కన వ్రాయమన్న నియమం ఇక్కడ అక్షరాలా అన్వయిస్తుంది.

ఇటువంటి నోట్లు ఎక్కడో దూరాన ఒక సంస్థ యంత్రంలో కాక, ఇంటి ఫోనులోనే సాదా పత్రాలుగా ఉండాలనడానికి ఈ ఊరిలో ప్రత్యేక కారణాలున్నాయి. 2008 మే నెలలో నర్గీస్ తుఫాను ఈ డెల్టాను ఊడ్చివేసినప్పుడు రంగూనులో చాలా రోజులు విద్యుత్తు లేదు. 2021 ఫిబ్రవరి తరువాత అంతర్జాల సౌకర్యం పలుమార్లు నిలిచిపోయింది. దూరాన ఉన్న పద్దు అవసరమైన దినాన అందదు. అయితే ఒక హెచ్చరిక. ప్లగిన్‌కు ప్రధాన సాఫ్ట్‌వేరుతో సమానమైన అధికారం ఉంటుంది. నోట్లన్నిటినీ చదవగలదు, మార్చగలదు. ఆబ్సిడియన్ వారు అందుకే బయటి ప్లగిన్లను వాడుకరి తానై అనుమతించే వరకు మూసి ఉంచుతారు. ఎవరు వ్రాశారో, ఎంతమంది పరిశీలించారో చూడకుండా తగిలించడం, పేరు పట్టీ లేని సీసాలోని ద్రవాన్ని రుచి చూడడం వంటిది.

ప్లగిన్ వ్రాయగల యువకులు మన సంఘాలలో నేడు కొరత కాదు. ఆజ్ఞల పత్రం రెండు మూడు వందల పంక్తులకు మించదు. కాలం పట్టేది పట్టికకు, పదాల జాబితాకు. అచ్చు నిఘంటువులలో లేని దలా తెలుగు మాటలు, కర్మాగారపు మాటలు, సంపాన్ నడిపేవారి మాటలు, శ్రీకాకుళం నుండి ఒక తరం మోసుకొని వచ్చి ఇక్కడ మరొక విధంగా పలుకుతున్న మాటలు ఆ జాబితాలో చేరాలి. ఒక్కొక్క మాటకు నాలుగు గళ్లు చాలును: బర్మా లిపిలో వ్రాసిన రూపం, తెలుగు రూపం, అర్థం, పెద్దవారి గొంతుతో ఒక చిన్న ధ్వనిముద్రణ. ట, త భేదం మూడు గళ్లలో పోయినా నాలుగవ దానిలో వినబడుతుంది. మొదటి మూడూ సాదా అక్షరాలలో ఉండాలి. ఆ భేదాన్ని చెవితో పోల్చగలవారు ఇంటిలో ఉన్నారు గనుక నాలుగవ గడిని ముందు నింపడం మంచిది.